గట్టిమేళం వెనకబడి ఉందా, వెనకబడుతూ పోతోందా?

సందేహం: మా అమ్మానాన్నల పెళ్లి వీడియోను క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. తాళి కట్టడం అయిపోయాక గట్టిమేళం వినిపిస్తోంది. ‘ధ్వని సమకాలీకరించబడలేదు’ అని రాసి పంపితే, స్టూడియోవారు ‘సింక్ పోయిందనండి, చాలు’ అన్నారు. ‘శ్రుతి తప్పింది’ అనాలని మా బాబాయి అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: ‘సమకాలీకరణ’లో వ్యాకరణదోషం లేదు. ఏకీకరణ, సరళీకరణ పదాలలో వలెనే ‘సమకాల’ మీద సంస్కృత చ్వి ప్రత్యయం చేరి చివరి అకారం ఈకారమైంది. అంతవరకు ఒకే కాలంలో లేనివాటిని ఒకే కాలానికి తేవడమని అర్థం. ఫోన్‌లోని నంబర్లను రెండుచోట్ల ఒకేలా ఉంచే పనికి ఈ మాట వాడినప్పుడు కాలం ప్రసక్తి అంతగా లేదు. మీ గట్టిమేళానికైతే అది అక్షరాలా సరిపోతుంది. నాకు రుచించనిది చివరి ‘బడు’ ఒక్కటే. ‘కుదరలేదు’, ‘కలవలేదు’ వంటి అకర్మక క్రియలు ఉండగా ఆ కర్మణి ప్రయోగం ఎందుకు? ఇక శ్రుతి స్వరస్థాయికి సంబంధించినది, కాలానికి కాదు; మీ బాబాయిగారు సంగీతపు పోలికే కావాలంటే ‘తాళం తప్పింది’ అనవచ్చు. (టేపు నెమ్మదిగా తిరిగితే శ్రుతీ తప్పుతుంది, అది వేరే జబ్బు.)

అయితే బాగుచేసేవారికి కావలసిన సంగతి ఈ మాటల్లో దేనిలోనూ లేదు. ధ్వని ముందుందా వెనకుందా, ఆ ఎడం మొదటినుంచి చివరిదాకా ఒకటేనా లేక పెరుగుతోందా అన్నది వారికి తెలియాలి. ‘వెనకబడి ఉంది’, ‘వెనకబడుతూ పోతోంది’ అన్న రెండు క్రియారూపాలలో తెలుగు ఈ తేడాను అనాయాసంగా చెబుతుంది. మొదటిదైతే ధ్వనినంతటినీ ఆ ఎడం మేరకు వీడియో మొదటివైపుకు జరిపితే చాలు. రెండవదైతే జరిపినందువల్ల ఒకచోట కుదిరి మరొకచోట చెడుతుంది కనుక, ధ్వని నిడివినే కుదించాలి.

ఏదో తేల్చుకోవడానికి గణపతిపూజలో కొబ్బరికాయ పగిలే క్షణాన్నీ, గట్టిమేళంలో డోలు మీద తొలి పుల్లదెబ్బ పడే క్షణాన్నీ ఆపి చూడండి. సినిమావారు క్లాప్ కొట్టేది కూడా ఇందుకే. మన దేశపు పాత క్యాసెట్లలో సెకనుకు 25 ఫ్రేములు (విడివిడి బొమ్మలు), అంటే ఒక్కొక్కటి 40 మిల్లీసెకన్లు; బొమ్మ తరువాత ఎన్ని ఫ్రేములకు చప్పుడు వచ్చిందో లెక్కపెట్టవచ్చు. ఒకటి రెండు ఫ్రేముల ఆలస్యాన్ని పట్టించుకోకండి. మెరుపు తరువాతే ఉరుము వినడం మనకు అలవాటు కనుక వెనకబడిన ధ్వనిని చెవి కొంత సహిస్తుంది, ముందే వచ్చినదాన్ని అంతగా సహించదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య సిఫారసు ప్రకారం తేడా పసిగట్టే హద్దు ధ్వని ముందుంటే 45, వెనకుంటే 125 మిల్లీసెకన్లు.

రెండు లెక్కలూ ఒకటే అయితే ‘వెనకబడి ఉంది’ అని, రెండవది ఎక్కువైతే ‘కొబ్బరికాయ దగ్గర ఇన్ని ఫ్రేములు, గట్టిమేళం దగ్గర ఇన్ని ఫ్రేములు, ధ్వని వెనకబడుతూ పోతోంది’ అని రాసి పంపండి. పైన ‘సింక్’ అని శీర్షిక పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.