వరుస చెప్పకుండా నంబరు వెయ్యకు

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

అమ్మా,

డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో వరుసలకి నంబర్లు వేసే రో నంబర్ ఫంక్షన్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. ఫిషింగ్ హార్బర్ వేలంపాట పద్దుని ఉదాహరణకి తీసుకున్నావు, బాగుంది. కానీ రెండో పేరాలోనే ఆగిపోయాను. "రో నంబర్ ఫంక్షన్ టేబుల్లోని ప్రతి రికార్డుకీ ఒక నంబరు ఇస్తుంది" అని రాశావు. రికార్డుకి ఎక్కడిచ్చింది? నువ్వడిగిన క్వెరీకి, అంటే ప్రశ్నకి, వచ్చిన జవాబులో, ఆ పూటకి ఇచ్చింది. టేబుల్లో వరుసలకి ముందూ వెనకా లేవని 1970లోనే డేటాబేస్ శాస్త్రవేత్త కాడ్, డేటాని టేబుళ్లుగా చూసే తన రిలేషనల్ మోడల్‌లో చెప్పాడు. ఆ నంబరు ఆస్పత్రి ఓపీ టోకెన్ లాంటిది, రేపు చెల్లదు.

నీ టేబులే చూడు. వంజరం బరువుని బట్టి పెద్ద నుంచి చిన్నకి పేర్చావు. రెండు బోట్లకి సరిగ్గా 84 కిలోలే. ఒకదానికి 4 పడింది, రెండోదానికి 5. ఎందుకలా అని ఆ రెండో బోటు ఓనరు నిలదీస్తే ఏం చెబుతావు? రేపు త్వరగా వెతకడానికి ఒక ఇండెక్స్ (సూచిక) చేరిస్తే అవి తారుమారైనా ఆశ్చర్యం లేదు. రో నంబర్ తర్వాత ఓవర్ అని రాసే బ్రాకెట్లో, ఏ వరుసలో పేర్చాలో చెప్పే ఆర్డర్ బై దగ్గర, బరువు పక్కన బోటు రిజిస్ట్రేషన్ నంబరు కూడా పెట్టు, తగువు తీరిపోతుంది. సమానమైనవాటికి ఒకే నంబరు రావాలా? ర్యాంక్ ఫంక్షన్ వాడితే ఆ రెండిటికీ, తర్వాతి బోటుకీ 4, 4, 6 వస్తాయి. డెన్స్ ర్యాంక్‌కి 4, 4, 5. అసలు సంగతి ఇదైతే, మూడు పేరాలు ఇన్‌స్టాలేషన్‌కి తగలేశావు!

ఇంకోటి. ఓవర్ లోపలి ఆర్డర్ బై నంబర్లు వెయ్యడానికే. తెర మీద కూడా అదే వరుస కావాలంటే క్వెరీ చివర మళ్లీ రాయాల్సిందే.

ఈ "మళ్లీ" అనే మాటతోనే నాకు పాత పేచీ. ఒరాకిల్ డేటాబేస్‌లో రోనమ్ అనే వరుస నంబరు పేర్చడానికి ముందే పడుతుంది. అందుకే ముందు లోపలి సెలెక్ట్ క్వెరీలో పేర్చి, బయటి సెలెక్ట్‌తో పది తీసుకోమని ఒక పత్రికకి రాశాను. ఎడిటర్‌గారు "సెలెక్ట్ రెండుసార్లెందుకండీ, కాలమ్ నిండిపోతోంది" అని లోపలిది కొట్టేశారు. పాఠకులకి టాప్ టెన్ బదులు ఏవో పది వరుసలు చక్కగా పేర్చి వచ్చాయి. తిట్లు మాత్రం నా పేరు మీదే! ఆయనకి బొమ్మలకైతే అరపేజీ దొరికేది. కోడ్ ముక్క కత్తిరించేవాడు దాన్ని ఒకసారైనా నడిపి చూడాలని ఇప్పటికీ అంటాను.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి నువ్విచ్చిన చిట్కా, వరుస వరుసకీ ఒక వేరియబుల్‌ని పెంచి నంబరు వెయ్యడం, తీసెయ్. 2018లో దాని 8.0 వెర్షన్‌తో రో నంబర్ లాంటి విండో ఫంక్షన్లు వచ్చేశాయి. సెలెక్ట్‌లో అలా వేరియబుల్ పెంచుకుంటూ పోవడం మానుకోమని 8.0.13 నుంచి వాళ్లే చెబుతున్నారు. "అయిదు నిమిషాల్లో రో నంబర్" అనే ఆ హెడ్డింగూ తీసెయ్. ఈ నిమిషాల పిచ్చి ఎవరు మొదలెట్టారోగానీ ఒళ్లు మండుతుంది.

నీ మిగతా ప్రశ్నలకి ఇప్పుడు ఓపిక లేదు. ఆ రెండు బోట్లకీ మూడు ఫంక్షన్లూ ఏమిచ్చాయో పక్కపక్క కాలమ్స్‌లో చూపించి, తిరగరాసి పంపు. పంపేముందు ప్రతి క్వెరీ నడిపి చూడు.

ఉంటాను.