రాజీనామా ఇప్పుడే ఇవ్వకండి

ఎనిమిదేళ్లుగా ఒకే ఆఫీసులో అడ్మిన్ ఎగ్జిక్యూటివ్‌గా ఉన్నా ఇంటర్వ్యూ కాల్ ఒక్కటీ రావట్లేదని, రాజీనామా చేసి తీరిగ్గా వెతుక్కోవాలనుకుంటున్నానని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. చేతిలో ఉద్యోగం ఉంటేనే జీతం గురించి గట్టిగా మాట్లాడగలరు.

మీరు పెట్టిన రెజ్యూమె చూశానండీ. ‘ఆఫీసు పనులన్నీ చూసుకోవడం’ అని రాస్తే చదివేవాళ్లకు ఏం తెలుస్తుంది? ఎంతమంది సిబ్బందికి ట్రావెల్ బుకింగులు చేశారు, ఎన్ని ఏఎంసీలు (యంత్రాల వార్షిక మెయింటెనెన్స్ కాంట్రాక్టులు) రెన్యూ చేయించారు, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులో బేరమాడి ఎంత తగ్గించారు, ఇవన్నీ అంకెలతో రాయండి. పాత మెయిళ్లు తిరగేస్తే దొరుకుతాయి. నేను రెండు ఆదివారాలు కూర్చుని ఇదే చేశాను, ఆ తర్వాతే కాల్స్ మొదలయ్యాయి.

ఎక్సెల్‌లో పివట్ టేబుల్ (డేటాను గుంపులుగా లెక్కగట్టి చూపేది), వీ-లుకప్ (VLOOKUP, పట్టికలో కావాల్సిన వివరం వెతికిపెట్టే ఫార్ములా) చేతికి అలవాటయ్యేదాకా సాధన చేయండి. నౌకరీ.కామ్ జాబ్ సైట్‌లో ‘ఫెసిలిటీస్’, ‘ఆఫీస్ మేనేజర్’ పేర్లతోనూ వెతకండి. మీ పనే అక్కడ వేరే పేరుతో ఉంటుంది.

మారేటప్పుడు పీఎఫ్ విత్‌డ్రా చేయకుండా అదే యూఏఎన్‌కు (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు) బదిలీ చేసుకోండి. పీఎఫ్‌తో వచ్చే పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు కావాలి, మీకిప్పటికే 8 ఉన్నాయి. ఐదేళ్లు దాటాయి కాబట్టి గ్రాట్యుటీ కూడా అడిగి తీసుకోండి.