గ్రామ్, గ్రాఫ్, గ్రఫీ: ఏది ఎక్కడ?

కార్డియోగ్రామ్, కార్డియోగ్రాఫ్, కార్డియోగ్రఫీ తారుమారవుతున్నాయని అడిగారు కదండీ. మూడింటికీ మూలం ఒకే గ్రీకు ధాతువు: 'గ్రాఫైన్' అంటే రాయడం, 'గ్రమ్మా' అంటే రాసిన అక్షరం.

గుండె పరీక్ష ఈసీజీ (ఎలక్ట్రోకార్డియోగ్రామ్) తీసేటప్పుడు గమనించండి. ఛాతీకి, కాళ్లకు, చేతులకు తీగలు తగిలించే యంత్రం గ్రాఫ్. దాంట్లోంచి గళ్ల కాగితం మీద ఎగుడుదిగుడు గీతలతో బయటికొచ్చేది గ్రామ్. ఆ తీసే పద్ధతి గ్రఫీ. భూకంపాలకూ అంతే: సీస్మోగ్రాఫ్ గీసేది సీస్మోగ్రామ్. టెలిగ్రాఫ్ తీగ మీద వచ్చే కబురు టెలిగ్రామ్. మన దేశంలో ఆ సేవ 2013 జులైలో ఆగిపోయింది.

చిక్కంతా ఇక్కడే వస్తుంది: ఫొటోగ్రాఫ్, ఆటోగ్రాఫ్, పారాగ్రాఫ్ యంత్రాలు కావు. ఎక్స్‌రే బొమ్మనూ రేడియోగ్రాఫ్ అనే అంటారు. బయోగ్రఫీ పద్ధతి కాదు, ఒకరి జీవితచరిత్ర. అందుకే 'గ్రాఫ్ అంటే యంత్రం' అని బట్టీ పట్టకండి. కొలిచే పరికరం, అది గీసిన నమోదు రెండూ జంటగా కనిపిస్తేనే ఈ సూత్రం వాడండి.

కిలోగ్రామ్ సంగతంటారా, అదీ ఈ కుదురుదే. గ్రీకులో ఒక చిన్న తూకాన్ని కూడా గ్రమ్మా అనేవారు.