1920ల కారు అల్యూమినియం బాడీపై పెయింట్ బుడగలు

మీ పాత కారు అల్యూమినియం బాడీ మీద పెయింట్ ఎందుకు బుడగలు కడుతోందని అడిగారు. తప్పు పెయింట్‌ది కాదు. బుడగలన్నీ స్క్రూల వరసలోనే వస్తున్నాయన్నారు కదా, ఇనుప స్క్రూ తగిలిన చోట అల్యూమినియాన్ని తుప్పు తినేస్తోంది. మన వైజాగ్ ఉప్పుగాలికి ఇది ఇంకా త్వరగా ముదురుతుంది.

1. ఒక బుడగ గీకి చూడండి. కింద తెల్లటి పొడి ఉంటే ఈ తుప్పే.

2. స్క్రూలు తీసి, పొడి పూర్తిగా పోయేదాకా రుద్దండి. ఇనుము మీద వాడిన ఎమెరీ పేపర్ వద్దు. గుంటలు పడినా రేకు మార్చకండి, అతుకు వేయించండి. చేత్తో సాగగొట్టిన ఆ వంపులు మళ్లీ రావు.

3. అందరూ వదిలేసేది ఇదే: చెక్క ఫ్రేమ్‌కు ఆనే లోపలి వైపు, స్క్రూ రంధ్రాల అంచులకు కూడా ఎపాక్సీ ప్రైమర్ (రంగుకు ముందు వేసే గట్టి అడుగు పూత) పట్టించాలి. స్టెయిన్‌లెస్ స్క్రూలు వేసి, తల కింద నైలాన్ వాషర్ పెట్టండి. తుప్పు పట్టదని చాలామంది ఇత్తడివి వేస్తారు. దయచేసి వద్దు, అల్యూమినియానికి ఇనుము కంటే ఇత్తడే చేటు.

4. ముసురు పట్టిన రోజు రంగు వేయించకండి.