పిల్లలతో జ్వాలా నరసింహం దాకా వెళ్లండి, ఉగ్రస్తంభం మాత్రం ఈసారికి వద్దు

ఐదేళ్ల బాబు, ఎనిమిదేళ్ల పాపతో ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి, ఓపికుంటే ఇంకా పైన, నరసింహస్వామి చీల్చుకుని వచ్చిన స్తంభమని చెప్పే ఉగ్రస్తంభం దాకా నడవొచ్చా అని అడిగారు. మేము పోయిన డిసెంబరులో వెళ్లాం. అప్పుడు మా పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఐదు నిండి నాలుగు నెలలు. జ్వాల దాకా తప్పకుండా తీసుకెళ్లండి. ఉగ్రస్తంభం వద్దండి.

ఎగువ గుడి నుంచి జ్వాలకు సుమారు 4 కిలోమీటర్లు. వినడానికి తక్కువే అనిపిస్తుంది. కానీ భవనాశి వాగు వెంబడి రాళ్ల మీద నడవాలి, తర్వాత మెట్లెక్కాలి, చివర్లో కొండ అంచున సన్నటి దారి. ఉదయం ఆరున్నరకు బయల్దేరిన మేము పైకి చేరేసరికి పదిన్నర అయింది. పెద్దవాళ్లు ఎంతసేపట్లో ఎక్కారో విని ఆ లెక్క వేసుకోకండి.

మా వాడు మొదటి అరగంట పరుగే పరుగు. వరాహ నరసింహస్వామి గుడి దాటగానే ఇక నడవనని కూర్చున్నాడు. అప్పుడు నన్ను కాపాడింది ప్రహ్లాదుడి కథ. ఒకేసారి చెప్పలేదు. "ఆ మలుపు దాకా వస్తే ఏనుగులతో తొక్కించిన సంగతి చెప్తా", "ఆ పెద్ద చెట్టు దగ్గర పాముల సంగతి" అంటూ ముక్కలుగా చెప్పుకుంటూ నడిపించాను. స్తంభం చీల్చుకుని స్వామి వచ్చిన ఘట్టం పైదాకా దాచుకున్నాను. హిరణ్యకశిపుణ్ణి సంహరించిన చోటు అదేనని నమ్మే గుడి ముందు కూర్చుని ఆ కథ పూర్తిచేస్తుంటే ఇద్దరూ కదలకుండా విన్నారు. ఆ పది నిమిషాల కోసమైనా మీరు వెళ్లాలి.

అయితే కథ విన్నాక పాపకు ఆ స్తంభం చూడాలని ఒకటే ఆశ. ఇంతదూరం వచ్చాం కదా, అదీ చూసేద్దామని మావారూ అన్నారు. ఆ దారి నిటారుగా ఉంటుంది, రాళ్లు పట్టుకుని ఎక్కాలి. పదకొండయితే ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందురోజు రాత్రే అనుకున్నాం కాబట్టి నేను ఒప్పుకోలేదు. పాప ఏడ్చింది. నాకూ బాధేసింది.

పిల్లలతో అసలు కష్టం దిగేటప్పుడే అండీ. ఎక్కేటప్పుడు తూలితే చేతుల మీద పడతారు, దిగేటప్పుడు తూలితే కింది మెట్ల మీదకు పోతారు. సగం దారిలో మా వాడు నిద్రమత్తుతో కాళ్లీడుస్తూ తడిరాయి మీద జారాడు. వాడి చెయ్యి మావారి చేతిలో ఉండబట్టి మోకాలు గీసుకోవడంతో సరిపోయింది. అక్కడి నుంచి వాణ్ణి భుజాన వేసుకునే దిగారు. ఉగ్రస్తంభం కూడా ఎక్కొచ్చి ఉంటే ఆ బరువు మోసే సత్తువ మా ఇద్దరికీ ఉండేది కాదు. మీ ఓపిక లెక్క చూసుకునేటప్పుడు పిల్లాణ్ణి ఎత్తుకుని దిగే ఓపికను కూడా అందులో కలపండి.

తిండి కవర్లలో పెట్టకండి, కోతులు లాక్కుంటాయి. మా పులిహోర పొట్లం అలాగే పోయింది, పాప బాగా భయపడింది. జిప్పున్న బ్యాగు వీపుకు తగిలించుకోండి. నీళ్లు ఎక్కువే పట్టుకెళ్లండి, దారిలో కొనుక్కోవచ్చనుకోవద్దు. కొత్త బూట్లు కాకుండా అలవాటైనవి, అడుగు అరగనివి వేయండి. చేతికర్ర పిల్లలకు ఆటవస్తువైపోతుంది, అది మీరు పట్టుకోండి. అమ్మమ్మ, తాతయ్య కూడా వస్తుంటే డోలీ వాళ్లతో కిందే మాట్లాడుకోండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకుంటే ఎండ బాధ ఉండదు. వానలు గట్టిగా పడుతున్న రోజుల్లో మాత్రం వెళ్లొద్దు. జ్వాల గుడి దగ్గర జలపాతం దారి మీదే పడుతుంది, వాగు కూడా పొంగుతుంది. అప్పటికే అహోబిలం చేరిపోయి ఉంటే దిగువ, ఎగువ గుళ్లు చూపించి తీసుకొచ్చేయండి.