కష్టం రాగానే ముందు దేవుడికి మొక్కుకోవడం నా అనుభవంలో

కష్టమొస్తే ముందు దేవుడికి దండం పెట్టుకుంటారా, ముందు చెయ్యాల్సిన పని చూస్తారా, రోజూ పూజ చెయ్యని నాలాంటి వాళ్ళు ఆపదలో మాత్రమే మొక్కితే అది స్వార్థం కాదా అని అడిగారు కదండీ. మా ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్తాను.

2016 ఎండాకాలం, తెనాలి దగ్గర మా ఊళ్ళో ఉన్నాం, రాత్రి రెండున్నరకి నాన్న లేచి కూర్చుని ఛాతీ మీద ఏదో బరువు పెట్టినట్టుందిరా అన్నారు, ఒళ్ళంతా చెమట, బనీను తడిసి ముద్దయిపోయింది. నేను ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను, 108 అని మూడు అంకెలు నొక్కడానికి కూడా వేళ్ళు ఆడట్లేదు. అమ్మ గబగబా ఒక జాకెట్ ముక్కకి పసుపు రాసి రూపాయి బిళ్ళ పెట్టి ముడేసింది, "వెంకన్నబాబూ, ఈయన్ని నీ కొండకి తీసుకొస్తాను, నేను మెట్లెక్కి వస్తాను" అంది. అంతే, నిమిషం కూడా పట్టలేదు. ఆ ముడి వేస్తూ వేస్తూనే "ఫోన్ చెయ్యరా, వీధి లైటెయ్యి, గేటు తీసి రోడ్డు మీద నిలబడు, వాళ్ళకి మన ఇల్లు తెలీదు" అని వరసగా చెప్పింది. నన్ను కదిలించింది ఆ గొంతేనండి.

అందుకే దండం పెట్టుకుంటూ కూర్చుంటే పనెవరు చేస్తారు అని ఎవరైనా అంటే నాకు అమ్మ చేతులే గుర్తొస్తాయి. అలాగని ఇదంతా మనసు కుదుటపడ్డానికే అని కూడా నేను అనలేను, ఎందుకంటే అమ్మ ఆ రాత్రి మాట్లాడింది గుమ్మంలో నిలబడ్డ మనిషితో మాట్లాడినట్టే, ఆవిడకి ఆయన అక్కడ ఉన్నాడు.

నాన్నకి స్టెంట్ వేశారు, బతికారు. మరుసటి ఏడాది వెళ్ళాం, డాక్టర్ గారు మెట్లు వద్దన్నారని నాన్న బస్సులో కొండెక్కారు, అమ్మ అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కింది, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, మోకాళ్ళ మెట్టు దగ్గరైతే రెండు మెట్లకోసారి కూర్చుంటూ గోవిందా గోవిందా అనుకుంటూ. ఆ ముడుపు హుండీలో వేసేటప్పుడు ఆవిడ ఏడవడం చూసి నేనూ ఏడ్చాను.

ఇక్కడితో ఆపేస్తే నేను సగమే చెప్పినట్టు. 2021 మేలో మా బాబాయికి కరోనా వచ్చింది, పిన్ని కూడా అచ్చం అలాగే ముడుపు కట్టింది, పదకొండు రోజులు ఐసీయూలో ఉంచారు, బాబాయి తిరిగి రాలేదు. ఆ ముడుపు ఏడాది పాటు దేవుడి గూట్లోనే ఉండిపోయింది, దాని గురించి అడిగే ధైర్యం మాకెవరికీ లేదు. కోరిక తీరనప్పుడు మొక్కు చెల్లించక్కర్లేదని చుట్టాలు అన్నారు కూడా. పిన్ని వినలేదు, సంవత్సరీకం అయ్యాక ఒక్కతే వెళ్ళి హుండీలో వేసి వచ్చింది. నేనుండబట్టలేక ఎందుకు పిన్నీ అనడిగితే, "ఆ పదకొండు రోజులూ మీ బాబాయిని చూడనివ్వలేదు, ఇంటికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు, నాకు మాట్లాడ్డానికి ఆయనే ఉన్నాడు నాన్నా, ఆయనది ఆయనకి ఇవ్వకుండా ఎలా ఉంచుకుంటాను" అంది. బాబాయిని ఎందుకు దక్కించలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు, పిన్నిని అడిగే హక్కు కూడా నాకు లేదనిపిస్తుంది. కానీ ప్రార్థన అంటే అడిగింది ఇచ్చేదాకానే అని అనుకునేవాణ్ణి, ఆ రోజుతో అది పోయింది.

మీ స్వార్థం మాటకొస్తే, మొహమాటపడకండి. ఆ స్వామిని మన పెద్దవాళ్ళు పిలుచుకున్న పేరే ఆపదమొక్కులవాడు. రోజూ దీపం పెట్టే వాళ్ళకి ఒక వరస, ఆపదలో పరిగెత్తుకొచ్చే వాళ్ళకి ఇంకో వరస అని మా అమ్మ ఎప్పుడూ అనలేదు. ఇంట్లో పసుపు, తెల్ల గుడ్డ ముక్క, రూపాయి బిళ్ళ ఉంటే చాలు, అవీ లేకపోతే నోట్లో గోవిందా అనే మాట ఉంటుంది, అది అంటూనే ఫోన్ చెయ్యండి.