గోడ మీద పాకే గింజ పురుగుకి ఏ మందు కొట్టాలి?

గుంటూరు బ్రాడీపేటలో అద్దె ఫ్లాట్, బాత్రూం పక్క గోడ మీద గుమ్మడి గింజంత బూడిదరంగు పురుగులు పాకుతున్నాయి, పట్టుచీరలు తినేస్తాయేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్, ఏ స్ప్రే కొట్టాలి? మీరు అడిగింది ఇదే కదండీ. స్ప్రే సంగతి తర్వాత చూద్దాం. నాది విజయవాడలో పెయింట్ల షాపు. మీరు పెట్టిన ఫొటో తెరవగానే నా కన్ను పురుగు మీదికి పోలేదు, దాని వెనక ఉబ్బిన పుట్టీ మీదికి పోయింది. రంగులు అమ్ముకునేవాడి బుద్ధి అంతే.

ముందు భయం పెట్టుకోకండి. అది కుట్టదు, కరవదు. చెద కాదు, నల్లి కాదు. తలుపుల జోలికి రాదు, బియ్యం డబ్బా జోలికి రాదు. మీరు చూస్తున్న ఆ గింజ అసలు పురుగే కాదు, పురుగు కట్టుకున్న గూడు. పురుగు లోపల ఉంటుంది.

దీంతో నాకు పరిచయం ఎలా అయిందో చెబుతాను. 2024 సెప్టెంబరు వరదల్లో సింగ్‌నగర్‌లో మా బాబాయి వాళ్ల ఇల్లు మునిగింది. ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిందని ఊరంతా టీవీల్లో అటే చూస్తుంటే, ఇటువైపు నుంచి బుడమేరు ఇళ్లలోకి వచ్చేసింది. వాళ్లది గ్రౌండ్ ఫ్లోరు. నీళ్లు పోయాక బురద ఎత్తారు, పరుపులు పారేశారు, ఫ్రిజ్ పాతసామాన్లవాడికి ఇచ్చేశారు. అన్నీ ఓపిగ్గా చేశారు కానీ గోడల్ని మాత్రం ఆరనివ్వలేదు. దసరాకి రంగులు పడాల్సిందేనని బాబాయి పట్టు. రంగులు నా దగ్గరే కొన్నాడు, అయినా వద్దనే చెప్పాను. ఇటుక గోడ అన్ని రోజులు నీళ్లు తాగితే అది వదలడానికి నెలలు పడుతుంది, ఎండాకాలం దాకా సున్నం కూడా వేయకు బాబాయ్ అన్నాను. "నీ వ్యాపారం నువ్వే చెడగొట్టుకుంటావేంట్రా" అని నవ్వి డబ్బాలు ఆటోలో వేయించుకుని వెళ్లాడు. పుట్టీ పెట్టారు, లేత ఆకుపచ్చ రంగు వేశారు. లోపలి తడికి బయటికొచ్చే దారి మూసేశారన్నమాట. సంక్రాంతికల్లా నడుము ఎత్తు దాకా గోడ ఉబ్బి, ఉప్పు తేలి, పెచ్చులు రాలడం మొదలైంది.

ఆ తర్వాత ఒకరోజు పిన్ని ఫోన్. "ఒరేయ్, ఒకసారి రారా. మా గోడలకి గింజలు మొలిచాయి."

నేను వెళ్లేసరికే రెండు తీర్పులు వచ్చేసి ఉన్నాయి. పక్కింటావిడ ఇది అరిష్టం, శాంతి చేయించండి అంది. పురుగుమందు కొట్టే కుర్రాడు ఒకడు వచ్చి, వరదతో కొట్టుకొచ్చిన కొత్త రకం చెద ఇది, ఏడాది ప్యాకేజీ తీసుకోండి అని చెప్పి, అడ్వాన్సు తీసుకుని, గోడల నిండా మందు కొట్టి పోయాడు. ఆ వాసనకి పిల్లలు దగ్గుతున్నారు, పిన్ని తలనొప్పితో పడుకుంది, గింజలు మాత్రం హాయిగా నడుస్తున్నాయి. ఆ కుర్రాడి మీద నాకు ఇప్పటికీ మంటే. చెదకీ దీనికీ తేడా తెలియనివాడు ఇంట్లో మందు ఎలా కొడతాడండీ?

ఒక గింజని అట్టముక్కతో గీకి స్టీలు పళ్లెంలో వేసి, బయట వెలుగులో కూర్చుని ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూశాను. కాసేపు కదలలేదు. తర్వాత ఒక కొసన చీలిక తెరుచుకుని ముదురు గోధుమరంగు తల బయటికొచ్చింది, వెనకాలే మూడు జతల కాళ్లు. ముందుకి వంగి పళ్లేన్ని పట్టుకోవడం, గూటిని ఈడ్చుకోవడం, మళ్లీ వంగడం. స్టీలు మీద కాలు జారుతున్నా మానదు. అగ్గిపుల్లతో ముట్టుకుంటే సర్రున లోపలికి పోయింది. మళ్లీ ఇటే వస్తుందని చూస్తున్నానా, రెండో కొస నుంచి వచ్చింది! లోపలే వెనక్కి తిరిగి అటువైపు నడక మొదలెట్టింది. గూడు నడుమ వెడల్పుగా, చివర్లు సన్నగా ఉండేది అందుకే, తిరగడానికి చోటు కావాలి కదా. దానికి రెండు కొసలూ ఒకటే, ఎటైనా ముందే. బాబాయి మనవడైతే ఆ పళ్లెం వదిలి లేవలేదు.

ఇంకో సంగతి నన్ను నిలబెట్టేసింది. ఆ గూటి మీద సన్నటి ఇసుక రేణువుల మధ్య లేత ఆకుపచ్చ పొడి ఉంది. మా షాపులోంచి వెళ్లిన రంగే, సందేహం లేదు. పూజ అలమర పక్కన దొరికిన దాని మీద ఎర్రటి నలకలు కనిపించాయి, కుంకుమ. ఏ గోడ మీద బతుకుతుందో ఆ గోడ రాల్చినదంతా ఏరుకుని పట్టుదారంతో అతికించుకుంటుంది. ఇసుక, తుప్పు పొడి, వెంట్రుక ముక్కలు, చచ్చిన పురుగుల కాళ్లు, ఏదైనా సరే. బయట అంత చెత్త ఉన్నా లోపలి పొర అంతా ఒట్టి పట్టే. ముందు నేలకి అంటించి ఒక కమాను కడుతుంది, దాన్ని సొరంగంగా పొడిగిస్తుంది, అడుగు మూసి నేల నుంచి విడదీసుకుని ఇక మోసుకు తిరుగుతుంది. కుబుసం విడిచినప్పుడల్లా గూటిని కాస్త పెంచుకుంటుంది. ఎదిగిన గూడు 8 నుంచి 14 మిల్లీమీటర్లు, లోపలి పురుగు దాదాపు 7 మిల్లీమీటర్లు. మన అపార్టుమెంట్లలో లేని గాలి చోటు దానికి ఉంది.

అసలు తిండి ఎక్కడ దొరుకుతోందా అని ఇల్లంతా వెతికితే, హాల్లో తాతయ్య ఫొటో దగ్గర తేలింది. వరద నీళ్లు అందనంత ఎత్తులో మేకుకి వంచి కట్టిన పాతకాలం ఫ్రేము. ముందు ప్లాస్టిక్ దండ, రోజూ తుడిచే అద్దం. వెనక మాత్రం ఎన్నేళ్ల సాలెగూళ్లో, దళసరిగా, బూడిదరంగులో. స్టూలెక్కి ఫ్రేము పక్కకి జరపగానే ఆ బూజులోంచి గింజలు జలజల నా చొక్కా మీద రాలాయి. పిన్ని కెవ్వుమంది. బాబాయి మాత్రం "మా నాన్న పోయినా ఎవరికో ఒకరికి అన్నం పెడుతూనే ఉన్నాడ్రా" అన్నాడు.

వీటి ప్రధానమైన తిండి పాత సాలెగూళ్లే. దానికి తోడు రాలిన వెంట్రుకలు, ఉన్ని, చచ్చిన దోమలు, తమలో ఎవరో వదిలేసిన పాత గూళ్లు. గోడని తినదు, రంగుని తినదు. వీటి ప్రజాతి పేరు ఫెరియోకా. హింటన్, బ్రాడ్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1956లో దీన్ని విడదీసి పేరు పెట్టారు. బట్టల్ని కొరికే పురుగులున్న టినిడే కుటుంబమే ఇదీ. ఇందులో రెండు జాతుల పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి అల్యుటెల్లా, 1892లో రెబెల్ వర్ణించాడు. మన దేశంలో, శ్రీలంకలో, జావాలో, ఆఫ్రికాలో కూడా నమోదైంది. రెండోది యుటెరెల్లా, 1897లో వాల్సింగమ్ వర్ణించాడు, ఫ్లోరిడా ఇళ్లలో బాగా పేరుమోసింది. ఇంటర్నెట్లో ఎవరు ఏ గింజ ఫొటో పెట్టినా కింద "యుటెరెల్లా" అని రాసేసేవాళ్లు తయారయ్యారు. గూడు చూసి జాతి చెప్పడం కుదరదండీ. రెక్కల పురుగుని పట్టి మైక్రోస్కోపు కింద భాగాలు విప్పి చూడాలి. కాబట్టి మీ గోడ మీదది ఏదని నన్ను అడగొద్దు, ఫెరియోకా అనుకుని ఊరుకోండి.

దీని జీవితం మీద నాకు నచ్చిన పని పనామాలో అన్నెట్ అయెల్లో అనే పరిశోధకురాలు చేసింది. అల్యుటెల్లాని పెంచి, గమనించి, 1979లో ప్రచురించింది. తల్లి దాదాపు 200 గుడ్లు గోడ, నేల కలిసే మూలల్లో, పగుళ్లలో చెత్తకి అంటించి చనిపోతుంది. పిల్లలు ఆరేడు దశలు ఎదుగుతాయి. గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా సగటున 74 రోజులు. రెక్కలు రావడానికి ముందు గూట్లో కదలకుండా ఉండే ప్యూపా దశకి చేరేముందు గోడ ఎక్కి గూటిని రెండు కొసలా అంటించేసుకుంటుంది. బయటికొచ్చే రెక్కల పురుగు చూస్తే జాలేస్తుంది. బూడిద రంగు, రెక్కల మీద నాలుగు దాకా మచ్చలు, రెండు రెక్కలూ చాపినా ఒక సెంటీమీటరు అటూ ఇటూ. మగది కాస్త ఎగురుతుంది, ఆడది గోడ పట్టుకుని కూర్చుంటుంది. మనం చెయ్యి విదిలిస్తే పోయే ప్రాణం. దానికా ఏడాది ప్యాకేజీ!

పట్టుచీరల మాటకొద్దాం. నూలు బట్టల జోలికి ఇది రాదు. ఉన్ని అంటే మాత్రం ఇష్టం. బాబాయి కాశ్మీరు యాత్రలో కొన్న శాలువా అటక మీద ఉండి వరద నుంచి తప్పించుకుంది కానీ వీటి నుంచి తప్పించుకోలేదు, మడతల దగ్గర చిల్లులు. డిసెంబరు వచ్చిందంటే చాలు మంకీ క్యాపులు తీసే ఊరు మాది, ఉన్ని కొంటాం, ఏడాదికి పదిహేను రోజులు వాడి ఉతక్కుండా కుక్కేస్తాం. పట్టు కూడా జంతువు నుంచి వచ్చిన ప్రోటీనే కాబట్టి చెమట మరకలతో ఏళ్ల తరబడి బీరువా అడుగున వదిలేస్తే ఏ బట్టల పురుగుకైనా లోకువే. ఏడాదికి రెండుసార్లు నీడన ఆరేసి, మడత మార్చి పెట్టమనండి. గోడ మీద నడిచే గింజ మూసిన బీరువా తెరిచి ధర్మవరం చీర వెతుక్కోదు.

ఇక్కడ కలరా ఉండల గురించి ఒక మాట. మన వాళ్లు వాష్‌బేసిన్లో వేస్తారు, కిటికీలో వేస్తారు, గోడ మూల పెడతారు. నాఫ్తలీన్ ఆవిరి మూసిన పెట్టెలో నిలిస్తే పని చేస్తుంది తప్ప ఫ్యాన్ తిరిగే గదిలో ఏం చేస్తుంది? పైగా పసిపిల్లల బట్టల మధ్య అస్సలు పెట్టొద్దు. జీసిక్స్‌పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకి ఆ ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయి పచ్చకామెర్లు రావచ్చు. బారసాలకి పాత పెట్టెలోంచి తీసి వేసే మెత్తటి బట్టలు చూస్తే నాకు గుండె దడ.

మరి ఇన్ని గోడలుండగా ఇది మీ గోడే ఎందుకు ఎక్కింది? చెమ్మ. గాలిలో తేమ బాగా లేకపోతే వీటి వంశం సాగదు. బ్రాడీపేటలో మీ ఫ్లాట్‌కి వరద రాలేదు, నిజమే. మీ పై ఫ్లాట్ బాత్రూం వచ్చింది. నా షాపుకి వచ్చేవాళ్లలో సగం మందిది ఇదే కథ. పైవాళ్ల టైల్స్ సందుల్లో సిమెంటు పోయి ఉంటుంది, లేదా నీళ్లు పోయే తూము దగ్గర పెట్టే నహానీ ట్రాప్ చుట్టూ కారుతుంటుంది. కింద గోడ మీద మచ్చ మొదలవుతుంది. పైఆయన "మా దగ్గరేం లీకు లేదండీ" అంటాడు. అసోసియేషన్ గ్రూపులో శుభోదయం ఫొటోలకి యాభై దండాలు పడతాయి, సీపేజీ ఫొటో పెడితే ఒక్కడూ పలకడు. ఓనరేమో నా దగ్గరికొచ్చి "మచ్చ కనపడకుండా ఏదైనా రంగు ఇవ్వండి, అద్దెకివ్వాలి" అంటాడు. ఇస్తాను, నా పొట్ట కూడా నిండాలి. కానీ తడి గోడ మీద ఏ కంపెనీ రంగూ నిలవదని చెప్పే ఇస్తాను. గింజ పురుగులు గుంపుగా కనిపించిన ప్రతి ఇంట్లోనూ నాకు తడి గోడ దొరికింది. మీటరు పెట్టి కొలవక్కర్లేదు, ఇవి చాలు.

బూజు విషయంలో మాత్రం తప్పు మనదే. బూజుకర్ర అనేది సంక్రాంతికి తీసి సంక్రాంతికి దాచే వస్తువైపోయింది. పైన ఫాల్స్ సీలింగ్, గోడంతా టీవీ యూనిట్, వాటి వెనక చెయ్యి పోదు. పనమ్మాయి కింద తుడుస్తుంది, పైకి చూడమంటే మెడ నొప్పి అంటుంది, ఆవిణ్ణీ అనలేం.

బాబాయి ఇంట్లో మందు మళ్లీ కొట్టనివ్వలేదు. ఫ్రేములన్నీ దింపి వెనకలు దులిపాం, బీరువా గోడకి జానెడు ఇవతలికి లాగాం, ఉబ్బిన పుట్టీ గోకించి గోడని వేసవంతా అలాగే వదిలేయించాను. చుట్టాలొస్తే సిగ్గుగా ఉందని పిన్ని గొణిగింది కానీ ఎండలు ముదిరేసరికి గింజలు అక్కడొకటి ఇక్కడొకటి అయ్యాయి. ఆకుపచ్చ రంగు మళ్లీ వేశాం, ఈసారి గోడ పొడిగా ఉంది.

మీ ఫొటోలో స్విచ్‌బోర్డు పక్కన ఉన్నదాన్ని పెద్దది చేసి చూశాను. రెండు కొసలా అంటుకుని ఉంది, ఒక కొస నుంచి పొట్టు సగం బయటికి వేలాడుతోంది. అది ఖాళీ, పురుగు రెక్కలొచ్చి వెళ్లిపోయింది. గీకి పారేయండి. తలుపు గడప దగ్గరున్నవి రెండూ బతికినవే, చీపురుతో చేటలోకి ఊడ్చి బయట వేస్తే సరి. స్ప్రేకి పెట్టే డబ్బులు ప్లంబరుకి ఇచ్చి, పై ఫ్లాట్ బాత్రూంలో రంగు కలిపిన నీళ్లు పోయించి చూడమనండి. మీ గోడ మీద ఆ రంగు దిగితే ఫొటో తీసి, గ్రూపులో కాదు, నేరుగా ఓనరుకి పంపండి.